బాయిలర్ సూట్లకో సంబంధం

రాజాం,
10 జూన్ 2002.

మల్కాపురంలో కొలువున్న అన్నయ్య గురువులుకు,

చెల్లెలు వెంకటరమణమ్మ ఒక చేత్తో నమస్కారం పెట్టి, రెండో చేత్తో చెవి మెలిపెట్టి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, మీ బావా, నీ మేనకోడలు హిమబిందూ కులాసా. కులాసా లేనివల్లా కుట్టుమిషన్లే. మా ఊరి పక్క మిల్లు వాళ్ళు ఇన్నేళ్ళూ మన దగ్గరే బాయిలర్ సూట్లు కుట్టించుకున్నారు కదా, దసరా దాటాక ఇంక అక్కర్లేదన్నారు. చొక్కా లాగూ కలిపి కుట్టిన ఆ పనిబట్టని ఇక మీదట తమిళదేశం నుంచి తెప్పించుకుంటారట, అక్కడ చవకట. నాతో పాటు, నా దగ్గర కుట్టే శ్రీసత్యా వాళ్ళంతా ఈ మిషన్ల మీదే బతుకుతున్నారు. దసరాలోగా కొత్త గిరాకీ దొరక్కపోతే ఒకటుంచుకుని మిగతా మిషన్లు అమ్మేసి నేను జాకెట్లు కుట్టుకోవాలి, వాళ్ళు ఇటికల బట్టీకి పోవాలి.

పోయిన వారం మోహనకృష్ణ అని ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చాడు. ఈ ఎండలో మెడకి టై బిగించుకుని వచ్చాడంటే అతని ధైర్యం చిన్నది కాదు. గాజువాకలో సాగరదీప్తి ఆన్‌లైన్ సర్వీసెస్ అని వాళ్ళ కంపెనీ. మన సూట్ల ఫొటోలతో ఇంటర్నెట్టులో ఒక పేజీ పెడతారట. దాన్ని ఐదువందల చోట్ల నమోదు చేస్తారట. ఓడల కంపెనీలు వాటంతటవే మనల్ని వెతుక్కుంటూ వస్తాయట. యజమాని జయంత్ అని కుర్రాడు, కంప్యూటర్లో దిట్టట. సొమ్ములో సగం ముందే కట్టాలన్నాడు. అది కట్టేస్తే నా దగ్గర బట్ట కొనడానిక్కూడా ఏమీ మిగలదు. కాబట్టి నేను ఒక్కసారే నమ్మగలను, ఆ ఒక్కసారీ తప్పకూడదు.

నువ్వు ఆ ఊళ్ళోనే ఉన్నావు. మోహనకృష్ణ చెప్పిన పాత ఖాతాదార్ల పేర్లు ఈ కాగితం వెనక రాశాను, ఆ కంపెనీ సంగతి విచారించి రాయి. వేళాకోళం వద్దు. పోయినేడు మీ బావకి ప్రమోషన్ వచ్చిందని చెప్పి మా గుమ్మంలోకి డప్పులవాళ్ళని పంపావు. రాని ప్రమోషన్‌కి వీధి వీధంతా మిఠాయి పంచాం. ఆయన ఇప్పటికీ డప్పు వినబడితే తలుపేసుకుంటున్నారు.

వదినకి నా మాటగా చెప్పు, నీ జీతం రోజున నీ జేబులు తనే వెతకమని.

ఇట్లు,
నీ వల్ల సగం జుట్టు నెరిసిన చెల్లి
రమణ


మల్కాపురం,
19 జూన్ 2002.

చిరంజీవి రమణకి,

మెలిపెట్టిన చెవితోనే అన్నయ్య ఆశీర్వాదం. నీ పని పూర్తిగా అయింది. ఎలా అయిందో చదివి, ఇలాంటి అన్నని కన్నందుకు అమ్మకో దండం పెట్టుకో.

నేను ఎనిమిదో తరగతి గట్టెక్కనివాణ్ణి, ఓడలకి రంగులేసే కాంట్రాక్టులో మేస్త్రీని. వెళ్ళి "మీ కంపెనీ మంచిదేనా" అనడిగితే కాదని ఎవడంటాడు? దేనికైనా ఒక పద్ధతుంది. మొహం ఎరగని కుర్రాడికి మనవాళ్ళు పిల్లనెలా ఇస్తున్నారు? అతని చుట్టూ ఉన్నవాళ్ళని అడిగి ఇస్తున్నారు. నేనూ అదే చేశాను. మా అమ్మాయికి జయంత్ సంబంధం చూస్తున్నాం, కుర్రాడెలాంటివాడు అని అడిగాను. నాకు అమ్మాయి లేదు కదా అంటావేమో. అడిగేవాడికి ఉండక్కర్లేదు, వినేవాడికి ఉందనిపిస్తే చాలు.

మోహనకృష్ణ నీకు చెప్పిన పాత ఖాతాదార్ల దగ్గరికే పోయాను. ముందు రేవు రోడ్డులో మోకులూ రంగులూ అమ్మే అచ్యుతరామయ్య. ఇతను కూడా ఆ జయంత్ చేతే పేజీ పెట్టించుకున్నాడు. సంబంధం అనగానే కుర్చీ వేశాడు, సోడా తెప్పించాడు, కుర్రాడు నిప్పు అన్నాడు. తరవాత యారాడలో బీచికొచ్చిన వాళ్ళకి గదులద్దెకిచ్చే వీర్రాజు. అతను వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే చెప్పాడు: "ఏటి బావా, అలాటి గుంటడు దొరకాలంటే పెట్టి పుట్టాల. నాను సెప్తన్నాను కదా, కళ్ళు మూసుకుని ఇచ్చీ."

జయంత్ ఆఫీసు కింద చెప్పుల కొట్టుంది. ఆ కొట్టతనైతే కుర్రాడు మెట్లెక్కితే చప్పుడు కూడా కాదని మెచ్చుకున్నాడు. అది పనితనానికి గుర్తో, పస్తులకి గుర్తో నేను అడగలేదు. వాళ్ళది పాలకొండ వైపట, తండ్రి స్టీలుప్లాంటులో షిఫ్టు డ్యూటీ, కాపురం ఉక్కునగరం క్వార్టర్లో.

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని అచ్యుతరామయ్య పేజీ కూడా చూశాను. కింద ఎంతమంది చూశారో లెక్క తిరుగుతోంది. మన పైడితల్లి సిరిమానోత్సవానికి కూడా అంత జనం రారు.

కాబట్టి వీర్రాజు మాటే నా మాట. కళ్ళు మూసుకుని కట్టెయ్యి.

ఇట్లు,
లేని కూతురికి ఉన్న వరుణ్ణి వెతికిన అన్నయ్య
గురువులు


రాజాం,
24 జూన్ 2002.

అన్నయ్యకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివేకొద్దీ నాకు వచ్చింది నవ్వో కోపమో తెలియలేదు. హిమబిందు మాత్రం నవ్వుతూనే ఉంది, దానికి నువ్వంటే మొదట్నుంచీ లోకువ.

పెళ్ళికని అడిగితే మన దేశంలో ఎవరైనా చెడు చెబుతారా? వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న జాతి మనది. వదిన వాళ్ళ నాన్న నిన్ను చూసుకోవడానికి వచ్చి మన వీధిలో అడిగినప్పుడు ఎవరేం చెప్పారో గుర్తుందా? బుద్ధిమంతుడు, నోట్లో నాలుక లేనివాడు అన్నారు. ఆ రోజు మన గుమ్మంలో నిలబడి నేనూ అదే అన్నాను. పాపం ఆయన నమ్మి పిల్లనిచ్చాడు. నువ్వు తెచ్చింది విచారణ కాదు, శుభలేఖ.

నాకు కుర్రాడి గుణం ఎందుకు? అచ్యుతరామయ్య కొట్టుకి ఆ పేజీ చూసి ఒక్క కొత్త గిరాకీ అయినా వచ్చిందా లేదా, అది అడుగు. వచ్చిన ఉత్తరం ఎవరి కంప్యూటర్లోకి వస్తుంది, దానికి జవాబు ఎవరు రాస్తారు? రేపు ఈ కంపెనీతో పడకపోతే ఆ పేజీ పేరు నాదా, వాళ్ళదా? ఈ మూడోది హిమబిందు కాలేజీ మేడమ్ అడగమంది. ఆ ఐదువందల చోట్లేమిటో ఒక్క ఐదు పేర్లయినా చెప్పమను. కింద తిరిగే లెక్కని కూడా నేను నమ్మను. మా ఊరి బస్సుస్టాండులో తూకం మిషను రూపాయి వేసినవాడినల్లా అందగాడంటుంది.

మోహనకృష్ణ పక్కింటికి ఫోన్ చేసి, నెలాఖరు దాటితే ఈ ధరకి కుదరదని చెప్పాడు. మంచి చేప అయితే అంత తొందరగా అమ్మాలని ఎవరూ అనుకోరు.

ఈసారి ఏ వేషమూ లేకుండా వెళ్ళు. నువ్వు నువ్వుగా ఉండడం నీకు కష్టమని తెలుసు. శ్రీసత్యా వాళ్ళు రోజూ అడుగుతున్నారు, మేస్త్రీగారి దగ్గర్నించి కబురొచ్చిందా అని. నువ్వొక పెద్దమనిషివనుకుంటున్నారు.

రమణ


మల్కాపురం,
2 జులై 2002.

నా కళ్ళు తెరిపించిన చెల్లికి,

కళ్ళు నువ్వు తెరిపించావు, మిగతావన్నీ నారాయణమ్మగారు తెరిపించారు. ఆవిడెవరో చెబుతాను. నేను నీ ఉత్తరం జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయిన రోజే జయంత్ వాళ్ళమ్మ మా ఇంటికొచ్చింది. సంబంధం మాట అచ్యుతరామయ్య నోటి నుంచి కుర్రాడి చెవికి, అక్కణ్ణించి తల్లి చెవికి చేరింది. ఆవిడ అరటిపళ్ళు, కొడుకు ఫొటో పట్టుకుని మీ వదిన ఎదురుగా కూర్చుని, అమ్మాయిని ఒకసారి పిలవండమ్మా అంది.

మీ వదిన గంగాభవానికి లోకజ్ఞానం ఎక్కువ. మా ఇంట్లో ఇద్దరూ మగపిల్లలే. మరి నాకు కూతురుందని ఊళ్ళో చెప్పుకుంటున్నారంటే, ఆ కూతురికి ఇంకో తల్లి కూడా ఎక్కడో ఉండాలి కదా. ఇరవయ్యేళ్ళ కాపురంలో నేను చేసిన నైట్ షిఫ్టులన్నీ ఆవిడ మనసులో ఒక్కసారి తిరిగొచ్చాయి. నేను రంగు మరకలతో ఇంటికొచ్చేసరికి ఇద్దరాడవాళ్ళూ ఒకే మంచం మీద, ఒకే మొహం పెట్టుకుని కూర్చున్నారు. రమణా, ఓడ మీంచి తాడు తెగినా నేనంత భయపడలేదు.

ఉన్నదంతా చెప్పేశాను. నువ్వు, మిషన్లు, దసరా, మోహనకృష్ణ టై, ఏదీ దాచలేదు. నీ ఉత్తరం తీసి వాళ్ళ ముందే చదివాను. మీ వదిన ఊపిరి పీల్చుకుని వంటింట్లోకి పోయింది. నారాయణమ్మగారు మాత్రం కదల్లేదు. తన సంగతి తనూ చెప్పింది. మా వీధిలో నా గురించి ఆవిడ కూడా వాకబు చేసే వచ్చిందట. ఒక్కడు కూడా మంచి చెప్పలేదట. "మా ఊర్లో అందరూ ఇలా నిజాలే సెప్తే ఏ పిల్లకీ పెళ్ళవదు, మీ మల్కాపురం ఏటి ఇలాగుంది" అంది.

తరవాత కొంగు సర్దుకుని అన్న మాట ఇది: "పెళ్ళికే అయితే నానూ మావోడు బంగారమనే సెప్పుదును బాబూ. ఒక ఆడకూతురి యాపారమంటన్నావు కాబట్టి ఉన్నది సెప్తాను, ఇను."

కొడుకు పేజీ బాగా పెడతాడట, రేయీ పగలూ దాని మీదే ఉంటాడట. కానీ దాన్ని ఎవరు చూస్తారో, చూసి ఎవరు కొంటారో అతనికే తెలీదట. ఆ ఐదువందల చోట్లు మోహనకృష్ణ నోట్లో పుట్టినవి. అతను కట్టించుకున్న సొమ్ములో వాటా తీసుకుని ఊళ్ళు తిరుగుతాడు. వచ్చిన మెయిళ్ళు తెరిచి చూసే మనిషి ఆఫీసులో లేడు. ఈ సంగతి చెప్పలేక కొడుకు అన్నం సరిగా తినడం లేదని ఆవిడ బాధ. పెళ్ళయితే మామగారైనా గట్టిగా చెబుతాడని ఆశపడి వచ్చింది.

మర్నాడు వేషం లేకుండా అచ్యుతరామయ్య దగ్గరికి పోయాను. ఈసారి సోడా లేదు. మీ పేజీ చూసి ఎవరైనా వచ్చారా అనడిగితే తల గోక్కున్నాడు. చిట్టగాంగు నుంచి వస్తున్న ఓడ కెప్టెన్ ఒకాయన మోకులు కావాలని మెయిలు పెట్టాడట. అది వీళ్ళ చేతికొచ్చేసరికి ఆ ఓడ సరుకు దించుకుని వెళ్ళిపోయింది కూడా. మరి మొన్న నిప్పు అన్నారు కదా అంటే, "మొన్న నువ్వు పిల్లనిస్తనన్నావు. కుర్రోడి పెళ్ళి సెడగొట్టమంటావేటి?" అని నన్నే కసిరాడు.

లెక్క సంగతి కూడా తేలింది. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పేజీ మళ్ళీ తెరిచే బటను నొక్కాను. లెక్క ఒకటి పెరిగింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ పెరిగింది. సెంటర్ వాడు లేపేదాకా నొక్కుతూనే ఉన్నాను. ఆ మహాజనంలో చాలామంది ఇప్పుడు నేనే.

కాబట్టి పాత ఉత్తరం పొయ్యిలో పెట్టు. ఏం చేస్తావో నువ్వే తేల్చుకో.

ఇట్లు,
ఇంట్లో ఐదు రోజులుగా మజ్జిగ మాత్రమే పోయించుకుంటున్న
గురువులు


రాజాం,
25 జులై 2002.

అన్నయ్యకి, మజ్జిగైనా పోస్తున్న వదినకి నమస్కారాలు.

ఆలస్యంగా రాస్తున్నాను, పనిలో పడిపోయాను. మోహనకృష్ణకి ఆ ఐదువందల చోట్లూ అక్కర్లేదని చెప్పేశాను. అతను టై వదులు చేసుకుని నాలుగు రకాలుగా తిప్పి చెప్పాడు. నేను ఒక్క రకంగానే చెప్పాను.

తరవాత జయంత్‌కి నేరుగా రాశాను. పేజీ ఒక్కటే పెట్టు, అది చూశాకే సొమ్మిస్తాను. పేజీ పేరు నా పేర వుండాలి. ఉత్తరాలన్నీ హిమబిందు మెయిలుకే రావాలి, మా ఊరి సెంటర్లో అదే రోజూ చూసుకుంటుంది. ఆర్డర్లొస్తాయని నువ్వు మాటివ్వక్కర్లేదు, ఇవ్వని మాట మీద నేను నీతో పోట్లాడను. ఇంత రాసినందుకు కుర్రాడికి కోపమొస్తుందనుకున్నాను. మూడో రోజున కెమెరా పట్టుకుని తనే బస్సులో దిగాడు. నిజంగానే మెట్లెక్కితే చప్పుడు కాలేదు. అన్నం మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు, వాళ్ళమ్మకి చెప్పు.

సూటు తొడుక్కుని ఫొటోకి నిలబడే మనిషి కావాలన్నాడు. మీ బావ నిలబడ్డారు. అమ్మాయిలంతా చూస్తున్నారని ఊపిరి బిగబట్టి, ఛాతీ ఉబ్బించి, ఏ క్షణానైనా సెల్యూట్ కొట్టేలా ఉన్నారు. పేజీ అయింది. బాగుంది. లెక్క తిరిగే యంత్రం వద్దన్నాను.

ఇప్పుడిక ఎదురుచూడ్డమే. దసరా దగ్గరపడుతోంది. దసరా దాకా మిల్లు అడిగిన కట్టల్లో ఆఖరిది కూడా అప్పుడే కుట్టేశాం.

రమణ


మల్కాపురం,
1 ఆగస్టు 2002.

రమణకి,

పేజీ చూశాను. బావ ఎల్లారావు గారిని ఆ నీలం సూటులో చూశాక ఇంటర్నెట్టు మీద నాకు గౌరవం పెరిగింది. వచ్చే నెలలో యుద్ధమొస్తే బార్డరుకి పంపొచ్చు. సెంటర్లో అందరికీ చూపించాను, ఈయన నేవీలో పెద్ద ఆఫీసరని చెప్పాను. ఇద్దరు లేచి నిలబడ్డారు.

దిగులు పడకు. ఎవరూ రాకపోతే నేనే దుబాయి షేకునని ఒక మెయిలు పెడతాను, ఒంటెలకి బాయిలర్ సూట్లు కావాలని. ఒంటె కొలతలు ఎలా తీస్తారో ఆలోచించి పెట్టుకో.

గురువులు


రాజాం,
13 ఆగస్టు 2002.

గురువులు గారికి,

అన్నయ్యా అని రాయబుద్ధి కావడం లేదు. నిన్న హిమబిందు సెంటర్ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. మెయిలొచ్చిందమ్మా అని. పారాదీప్‌లో డ్రెడ్జింగ్ కంపెనీ అట. రేవుల్లో ఇసక తోడే ఓడలట. ఆ ఓడల మనుషులందరికీ సూట్లు కావాలట, అందులో ఒకాయన నడుము యాభై రెండట. ముందు ఒక నమూనా పంపగలరా అని అడిగారట. శ్రీసత్య మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చేసింది, సంతోషంతో. మీ బావ బజారుకి పోయి జీళ్ళు తెచ్చారు.

ఆ యాభై రెండు దగ్గర నాకు నువ్వు దొరికిపోయావు. ఒంటెలనుకున్నవాడివి మనిషి దాకా దిగావన్నమాట. హిమబిందుని కూర్చోబెట్టి, ఆ మెయిలుకి జవాబుగా నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో కొట్టి పంపమన్నాను: "అన్నయ్యా, నడుము యాభై రెండంటే అది మనిషా, నీళ్ళ ట్యాంకా? ఊపిరి బిగబట్టి నిలబడి కొలుచుకుంటే సూటు మొదటిరోజే వెనక చిరుగుతుంది. గొంతుకూర్చుని, అన్నం తిన్నాక టేపు పెట్టి కొలుచుకో. పనీపాటా ఉన్నవాళ్ళ ఉసురు పోసుకోకు."

నన్ను ఏడిపించు, మీ బావని ఏడిపించు, పడతాం. మిషన్ల దగ్గర కూర్చున్నవాళ్ళ ఆశతో ఆడుకోవడానికి నీకు మనసెలా ఒప్పింది?

వెంకటరమణమ్మ


మల్కాపురం,
17 ఆగస్టు 2002.

రమణా,

ఆ మెయిలు నాది కాదు.

వేంకటేశ్వరుడి మీద ఒట్టేసేవాణ్ణి, కానీ నా ఒట్టు కూడా నువ్వు నమ్మవు. నాకు కంప్యూటర్లో తెలిసింది ఒకే ఒక్క బటను, అది ఏం చేస్తుందో నీకు ముందే రాశాను. పారాదీప్ స్పెల్లింగు కూడా నాకు రాదు. నీ ఉత్తరం అందగానే జయంత్ దగ్గరికి పరిగెత్తాను. అతను హిమబిందుకి ఫోన్ చేసి ఆ మెయిలు తెప్పించుకుని చూశాడు. నిజంగా పారాదీప్ కంపెనీదే, ఆఫీసు ఫోన్ నంబరు కూడా ఉంది. కుర్రాడు తలపట్టుకున్నాడు. నేను అతని మెట్ల మీదే కూలబడ్డాను.

అమ్మా, నీ కాళ్ళకి దండం పెడతాను. ఈ ఉత్తరం చదువుతూనే లేచి వాళ్ళకి రాయి. మా అన్నయ్య వెధవ, ఆ మెయిలు అతనిదేననుకుని పొరబడ్డానని రాయి. నా పేరు పెట్టే రాయి, నాకేం ఫరవాలేదు. మీ వదినకి చెప్పాను. ఈ రోజు మజ్జిగ కూడా లేదు.

గురువులు


రాజాం,
22 ఆగస్టు 2002.

అన్నయ్యకి,

నీ ఉత్తరం రాకముందే వాళ్ళ జవాబొచ్చింది. రాసింది మహాపాత్రో అని స్టోర్స్ మేనేజరు. తనకి చెల్లెళ్ళెవరూ లేరట, తనని ఇంతలా తిట్టింది ఇదివరకు వాళ్ళమ్మ ఒక్కతేనట. మా మెయిలు ఓడ మీద అందరికీ చదివి వినిపించాడట. ఆ పెద్దాయన్ని అన్నం తిన్నాక గొంతుకూర్చోబెట్టి కొలిస్తే యాభై నాలుగొచ్చిందట. ఏడాదిలో నాలుగు సూట్లు వెనక చిరిగాయి, ఎందుకో ఇప్పుడు తెలిసిందన్నాడు. మిగతా కంపెనీలన్నీ ధరలు పంపాయి, కొలత ఎలా తీయాలో మీరొక్కరే చెప్పారన్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయి క్షమించమని రాసి, నమూనా కుట్టి పంపాను. నచ్చిందన్నారు. అయినా ఆర్డరు ఇంకా రాలేదు. పెద్ద ఓడల్ని లాగే వాళ్ళ టగ్గు ఒకటి మరమ్మతుకి విశాఖ వస్తోందట. దాని ఇంజనీరు, మన సూట్లు తొడుక్కుని పనిచేసిన మనిషినొకర్ని చూసి మాట్లాడాకే ఖాయం చేస్తారట. మీ గురించి రేవులో ఎవరినడగాలి అన్నారు. మిల్లు వాళ్ళ పేరు చెబుదామంటే మనల్ని మానేసినవాళ్ళు ఏం చెబుతారో తెలీదు. రేవులో నా సూటు తొడుక్కునే మనిషివి నువ్వొక్కడివే. రాత్రంతా ఆలోచించి నీ పేరే రాశాను.

ఆ ఇంజనీరు నీ దగ్గరికొస్తాడు. పెళ్ళికి చెప్పినట్టు చెప్పకు. వేషం వెయ్యకు. అడిగినదానికి ఉన్నది చెప్పు. నీ నోట్లోంచి ఏమొస్తుందో అని ఇక్కడ ఆరు మిషన్లు ఆగి ఉన్నాయి.

రమణ


మల్కాపురం,
30 ఆగస్టు 2002.

రమణకి,

వచ్చాడు. ఓడల్ని నీళ్ళ లేకుండా నిలబెట్టి బాగుచేసే డ్రైడాకులో నేను తాడు మీద వేలాడుతూ రంగేస్తుంటే కింద నిలబడి పిలిచాడు. దిగాను. నాలుక చివరిదాకా నాలుగు కథలొచ్చాయి. నీ సూట్లు రష్యా వాళ్ళు కూడా తీసుకుంటున్నారని ఒకటి, అందులో అన్నిటికన్నా చిన్నది అది. మింగేశాను. కొంచెం గొంతుకడ్డం పడింది.

నాకొచ్చిన హిందీలో చెప్పాను. నాలుగేళ్ళుగా ఈవిడ సూట్లే వేసుకుంటున్నాను, బట్ట వెలిసిపోతుందిగానీ కుట్టు ఊడదు. మోకాళ్ళ దగ్గర రెండో పొర వేస్తుంది. వర్షాకాలంలో కరెంటు పోతే వారం ఆలస్యమవుతుంది, ముందే చెబుతుంది. జేబులు నాకు చిన్నవనిపిస్తాయి, ఎన్నిసార్లు చెప్పినా వినదు. నోరు పెద్దది.

అతను నా సూటు చంకలో వేలు దూర్చి కుట్టు లాగి చూశాడు. మోకాళ్ళు చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు, అక్కడ పనిచేసేవాళ్ళంతా ఈల వేశారు. ఆవిడ మీకేమవుతుంది అనడిగాడు. చెల్లెలన్నాను. చెల్లెలయ్యుండి ఆలస్యమవుతుందని చెప్పారేం అన్నాడు. నన్ను అలాగే చెప్పమంది అన్నాను.

అతను నా జేబులో చెయ్యి పెట్టి చూసి, జేబులు కొంచెం పెద్దవి పెట్టమనండి అన్నాడు. రెండు టగ్గులకీ, ఇసక తోడే ఓడలకీ కలిపి ఆర్డరు కాగితం సోమవారం నీకు పంపుతారు.

శ్రీసత్యని పిలిచి మిషన్‌కి నూనె వెయ్యమను. బట్ట కత్తిరించు.

నీ అన్నయ్య
గురువులు